నర్సింగ్ విద్యార్థులకు పెద్దవాళ్లంటే విసుగు ఎక్కడినుంచి వస్తుంది?

విజయవాడలో నర్సింగ్ చదివే మీ అమ్మాయి పెద్దవాళ్ల వార్డంటే విసుక్కుంటోందని, కాలేజీలో ఇదే నేర్పుతారా అని అడిగారు. పుస్తకాల్లో ఇది ఉండదండీ. రౌండ్స్‌లో మా డాక్టర్ల నోటినుంచి వచ్చే మాటలు విని పిల్లలు నేర్చుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు 72 ఏళ్ల పెద్దావిడను తీసుకొచ్చారు. మూడు రోజులుగా మాట లేదు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకునేది. మా సీనియర్ మంచం దగ్గర ఆగకుండానే "వయసైపోయింది, ఇంటికి పంపేద్దాం" అన్నారు. నేనూ తలూపాను. ఆవిడ కొడుకు మాత్రం వెంటపడి, "డాక్టరుగారూ, మొన్న ఆదివారం దాకా మిర్చి తొడాలు తీసే పనికెళ్లిందండీ" అన్నాడు. అప్పుడు రక్తపరీక్ష చేయిస్తే సోడియం 112. మామూలుగా 135కి తగ్గకూడదు. బీపీకి కొత్తగా మొదలుపెట్టిన, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర వల్ల అలా అయింది. మాత్ర ఆపి, సోడియం నెమ్మదిగా పెంచాం (ఒక్కసారిగా పెంచితే మెదడుకే ప్రమాదం). ఐదో రోజు పొద్దున ఆవిడ కాఫీ అడిగింది. కొడుకు ఆ మాట అనకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి.

ఈ చిన్నచూపుకి 1969లోనే రాబర్ట్ బట్లర్ అనే అమెరికా డాక్టరు 'ఏజిజం' అని పేరు పెట్టారు. మా చదువులో నేనా మాట వినలేదు. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో ఎలా మెలగాలో నేర్పే పాఠాలు పెట్టారు, సంతోషమే. కానీ క్లాసులో గంటసేపు చెప్పింది, వార్డులో సీనియర్ ఒక్కసారి "ఆ ముసలామె" అంటే కొట్టుకుపోతుంది.

ఇప్పుడు నేనూ విద్యార్థులకు చెబుతున్నాను. ఎవరైనా "వయసు వల్ల సార్" అంటే, పది రోజుల కింద ఆ మనిషి ఎలా ఉండేవారో ఇంటివాళ్లను అడిగి రమ్మంటాను. ఉన్నట్టుండి మతి తప్పితే అది ముసలితనం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మందు, ఏదైనా కావచ్చు. న్యుమోనియా ఉన్నా పెద్దవాళ్లకు జ్వరం రాకపోవచ్చు.

మీ అమ్మాయిని మాత్రం కోప్పడకండి. మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, మనుషులేమో చాలరు. ఆ విసుగులో సగం అలసటే. పైగా తను చూసే పెద్దవాళ్లంతా జబ్బుతో ఉన్నవాళ్లే. రోజుకొక్కరి దగ్గర, ఎదురుగా స్టూలేసుకుని కూర్చుని, పక్కనున్న కొడుకుని కాకుండా వాళ్లనే అడగమనండి: "అమ్మమ్మా, నువ్వేం పని చేసేదానివి?"