చదివితే అర్థమవుతోంది, మాట్లాడబోతే నోరు పెగలడం లేదు

ప్రశ్న: ఎనిమిది నెలలుగా రోజూ అరగంట చొప్పున ఫోనులోని ఒక యాప్ సాయంతో జర్మన్ నేర్చుకుంటున్నాను. పదాలు కంటపడితే అర్థాలు తెలుస్తున్నాయి, చిన్న చిన్న పేరాలు బోధపడుతున్నాయి. అయితే ఆ భాష వచ్చినవారు ఎదురుపడి రెండు మాటలు అడిగితే మాత్రం నోరు పెగలడం లేదు. వ్యాకరణం మళ్లీ మొదటినుంచి చదవమంటారా? నలభై దాటిన వయసు ఇందుకు కారణమా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా లెక్క చూద్దాం. రోజుకు అరగంట చొప్పున ఎనిమిది నెలలంటే దాదాపు 120 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ ఇంగ్లీషు మాతృభాషగా గల తన దౌత్యాధికారులకు ఉద్యోగానికి సరిపడా జర్మన్ నేర్పడానికి సుమారు 36 వారాల పూర్తికాల తరగతులు, జపనీస్‌కైతే 88 వారాలు కేటాయిస్తుంది. కాబట్టి మీరు వెనకబడిపోయారని అనుకోనవసరం లేదు. వయసు ప్రభావం ప్రధానంగా ఉచ్చారణ మీద కనిపిస్తుంది. నియమాన్ని అర్థం చేసుకొని వాడుకోవడంలో తొలి దశలో పెద్దలే పిల్లలకంటే ముందుంటారు.

మీ ఇబ్బందికి మూలం సాధన చేసిన తీరులో ఉంది. యాప్ నాలుగు జవాబులు చూపించి ఒకటి ఎంచుకోమన్నప్పుడు మీరు పదాన్ని గుర్తుపడుతున్నారు. మాట్లాడేటప్పుడు ఏ ఆధారమూ లేకుండా అదే పదాన్ని గుర్తుతెచ్చుకోవాలి. రెండో పనిని మీరు ఇంతవరకు చేయలేదు, అందుకే అది రాలేదు. ఒక నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మడిచి, ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు జర్మన్ వాక్యం రాసుకోండి. కుడివైపు మూసి, వాక్యాన్ని పైకి చెప్పిన తరువాతే తెరిచి చూడండి. తప్పు చెప్పినా సరే, చెప్పకుండా మాత్రం చూడవద్దు. తడుముకున్న ఆ కొద్ది క్షణాలే మాటను మనసులో నాటుతాయి. నేర్చుకున్నది తొలి గంటల్లో వేగంగా, ఆ తరువాత నెమ్మదిగా మరపున పడుతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లో ప్రకటించాడు. అందువల్ల మొదటి పునశ్చరణ అదే రోజు రాత్రి, తరువాతివి మర్నాడు, నాలుగో రోజు, వారానికి, నెలకు జరిగేలా చూసుకోండి.

రాసుకునేవి విడి పదాలు కాకూడదు. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకం అనే భాషలో, వాటన్నింటినీ ‘అది’ అనేసే మనకు తర్కం తోడురాదు. ‘టిష్’ (బల్ల) అని కాక, లింగాన్ని తెలిపే మాటను ముందు చేర్చి ‘డేర్ టిష్’ అనీ, ‘లాంపె’ (దీపం) అని కాక ‘డీ లాంపె’ అనీ, ఇంటిపేరుతో కలిపి పిలిచినట్టు నేర్చుకోవాలి. (అచ్చు వసతి కోసం నేనిక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గాని, మీరు మాత్రం ఈ పని చేయవద్దు. ‘ఏ’ అంటూ పెదవులు గుండ్రంగా ముడిస్తే వచ్చే జర్మన్ అచ్చుకు మన లిపిలో గుర్తు లేదు; అది ‘ఓ’గా మారిందంటే ‘అందమైన’ అనే మాట కాస్తా ‘అప్పుడే’ అయిపోతుంది.)

వ్యాకరణం మొదటికి వెళ్లడం కంటే, వచ్చిన ఒక్క వాక్యాన్నే పది రకాలుగా తిప్పడం మేలు. ‘ఇష్ ఆర్బైటె హొయ్‌టె’ అంటే నేను ఈ రోజు పనిచేస్తున్నాను. ‘ఈ రోజు’ను ముందుకు తెస్తే ‘హొయ్‌టె ఆర్బైటె ఇష్’ అవుతుంది. క్రియ రెండో స్థానం వదలదు. ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ‘వైల్’ చేరిస్తే మాత్రం ‘వైల్ ఇష్ హొయ్‌టె ఆర్బైటె’ అని క్రియ మన వాక్యంలో లాగే చివరికి చేరుతుంది. ఇంగ్లీషు వాక్యం మీదుగా జర్మన్‌కు వెళ్లేవారు తడబడే ఈ చోట, తెలుగు మీదుగా వెళ్తే దారి సుగమం. ఇలాంటి మార్పులను రోజూ పది నిమిషాలు, కాగితం చూడకుండా, పైకే చెప్పాలి.

ఎదుటివారి ముందు మాట ఆగిపోయినప్పుడు ఆదుకునే వాక్యాలు మూడింటిని నిద్రలో లేపి అడిగినా వచ్చేలా పెట్టుకోండి: దీన్ని ఏమంటారు, మళ్లీ చెప్పండి, కాస్త నెమ్మదిగా చెప్పండి. వారానికి ఒకసారైనా మాట్లాడేందుకు ఒక మనిషిని చూసుకొని, ప్రతి తప్పు దగ్గరా ఆపవద్దనీ, చివర్లో రెండు మూడు చెబితే చాలనీ ముందే కోరండి.

ప్రశ్న: సబ్‌టైటిల్స్ పెట్టుకొని సినిమాలు చూస్తే భాష వస్తుందా?
– మరో పాఠకుడు

జవాబు: తెలిసిన భాషలో సబ్‌టైటిల్స్ ఉంటే కన్ను వాటిని చదువుతుంది, చెవి తీరిగ్గా కూర్చుంటుంది. నేర్చుకుంటున్న భాషలోనే పెట్టుకోండి. సినిమా అంతా అక్కర లేదు. మూడు నిమిషాల సన్నివేశాన్ని ఒకసారి అక్షరాలతో, ఒకసారి అక్షరాలు లేకుండా, మూడోసారి పాత్ర వెనకే మీరూ అంటూ చూడండి.