ఏ రొట్టె కావాలో ముందు తేల్చుకోండి

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ చూసినవాళ్లకి తెలుసు. కోరిక తీరినవాళ్లు ఆ కోరిక పేరుతో రొట్టె తెస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుంటారు. తలమీద కొంగో తుండుగుడ్డో కప్పుకుని స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, "చదువు రొట్టె ఎవరి దగ్గరుంది? ఉద్యోగం రొట్టె? విదేశీ రొట్టె?" అని పేరు పెట్టి అడగాలి. ఊరికే "మంచి జరిగే రొట్టె" అంటే ఎవరివ్వాలో ఎవరికీ తెలియదు.

మన నెల్లూరు, ప్రకాశం పిల్లలు చాలామంది అమెరికా వచ్చిన ఏడాదికి "పొద్దస్తమానం పనిచేస్తున్నా, దేనిమీదా మనసు నిలవట్లేదు" అంటారు. అది బద్ధకం కాదు తమ్ముడూ. ఇంటర్ నుంచి మోసుకొచ్చిన కోరిక విదేశీ రొట్టె. వీసా స్టాంపు పడ్డ రోజే అది తీరిపోయింది. తర్వాతి రొట్టెకి ఇంకా పేరు పెట్టుకోలేదు, అంతే.

ముందు వారం లెక్క తీయండి. వారానికి 168 గంటలు. నిద్రకి 56, ఉద్యోగానికి 40, ప్రయాణం, వంట, బట్టలు, ఇంటికి ఫోన్లు అన్నీ కలిపి 35 వేసుకున్నా 37 మిగలాలి. అవి ఎటు పోతున్నాయో ఏడు రోజులపాటు అరగంటకోసారి నోటుబుక్కులో రాయండి. రాత్రి పడుకోబోయే ముందు గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క తప్పుతుంది, ఫోన్ చూసిన టైమే ముందు మాయమవుతుంది. ఒళ్లు అలిసినా మనసుకి హాయిగా అనిపించిన పనుల పక్కన టిక్కు పెట్టండి.

ఆ టిక్కుల్లోంచి ఒక్క వాక్యం రాయాలి: ఎవరికి, ఏం, ఎప్పటిదాకా. "సమాజానికి ఏదైనా చేయాలి" అంటే నిలవదు. "మా ఊరి హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి డిసెంబరు నుంచి పరీక్షలదాకా వారానికో గంట ఆన్‌లైన్లో లెక్కలు చెప్తా" అంటే నిలుస్తుంది. న్యూజెర్సీలో శనివారం రాత్రి 9 అంటే చలికాలంలో మన ఊళ్లో ఆదివారం పొద్దున 7:30. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారం మారుతుంది. ఆ తర్వాత అదే 7:30కి మీరు రాత్రి 10కి కూర్చోవాలి. ఇది మర్చిపోతే పరీక్షల ముందు పిల్లలు ఊరికే ఎదురుచూస్తారు.

వాక్యంలో రాసుకున్న పని, దాని తయారీ కలిపి నాలుగు వారాలు, వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున చేసి చూడండి. ఎనిమిదిట్లో మూడు తప్పితే ముందు టైం మార్చండి. అప్పుడూ తప్పుతుంటే ఆ వాక్యం మీది కాదు, వాట్సాప్ గ్రూపులో ఎవరిదో చూసి రాసుకున్నది. మొహమాటం లేకుండా కొట్టేయండి.

చదువు అప్పు మాత్రం ఆశయం కాదు, బాధ్యత. జీతం పడగానే కంతు దానంతటదే పోయేలా పెట్టేయండి. మనసు తేలికపడుతుంది.

ఒక్క విషయంలో ఖచ్చితంగా ఉండండి. హెచ్‌1బి (ఉద్యోగ వీసా) మీద ఉండి, పిటిషన్ వేసిన కంపెనీ కాకుండా బయట డబ్బుకి పనిచేస్తే స్టేటస్ పోతుంది. నచ్చిన పనైనా, శని ఆదివారాలైనా అంతే. ఎఫ్‌1 (చదువు వీసా) వాళ్లకి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు దాటకూడదు. చదువయ్యాక అదే వీసా మీద పనిచేసుకోనిచ్చే ఓపీటీలో, మొదటి ఏడాది ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 మించకూడదు కాబట్టి, అప్పుడు మీ వాక్యం ఉద్యోగం వెతకడమే. మిగతావన్నీ తర్వాత.

ఇంకొకటి. మీరు ఆ పనికి కూర్చునే గంటలో ఫోన్ చేయొద్దని అమ్మకి ముందే చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి, లేకపోతే ఎత్తలేదేమని కంగారుపడి వరసగా నాలుగుసార్లు చేస్తుంది.