వీసా కోసం వియంటియాన్‌లో ఆగిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెయిల్ చదివా. బ్యాంకాక్‌లో రూమ్ అలాగే వదిలేసి వీసా కోసం లావోస్ వచ్చి కూర్చున్నా, టైమ్ పాస్ కాక ఒక కథ రాశా చూడండి అన్నావు. చూశా. "సరిహద్దుకి ఆవల ఒంటరి పక్షి" అని ఎత్తుకున్నావు, మూడు పేజీలు ఆ పక్షి ఎగురుతూనే ఉంది, ఎక్కడా వాలదు, నాకే ఆయాసం వచ్చింది.

థాయ్ సరిహద్దు ఊరు నాంగ్‌ఖాయ్ దగ్గర మెకాంగ్ నది మీద బ్రిడ్జ్ దాటే కదా వచ్చావు, దాని గురించి ఒక్క ముక్క లేదేం? 1994లో తెరిచారు దాన్ని, కిలోమీటరు పైనే ఉంటుంది, మధ్యలో రైలు పట్టాలు కూడా. థాయ్‌లాండ్‌లో బండ్లు ఎడమ పక్కన పోతాయి, లావోస్‌లో కుడి పక్కన, అందుకని బ్రిడ్జ్ దిగాక లావోస్ చెక్‌పోస్టుకి కాస్త ముందు అన్నీ అటువి ఇటు మారతాయి. నేను మొదటిసారి షటిల్ బస్సులో నిలబడి వెళ్తుంటే సరిగ్గా అక్కడ డ్రైవర్ ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో మెడ గోక్కున్నాడు. నాకేమో గుండె దడ, ఆయనకి అది ఆ రోజుకి ఎన్నో ట్రిప్పో. నీ మూడు పేజీల ఒంటరితనం ఆ మెడ గోక్కోవడంలో పట్టేసేది.

నేనూ తక్కువ తినలేదులే. రెండు రోజులుండి "ఇక్కడి మనుషులు నింపాదిగా బతుకుతారు" అని రాసేశా. నింపాదిగా ఉన్నది నేను, పనీ పాటా లేక. నేను లేచేసరికి వాళ్ళ పని సగం అయిపోయేది.

పాటూసాయ్ చూశావా, ఊళ్ళో ఉన్న ఆ పెద్ద కమాను? ఎయిర్‌పోర్ట్ రన్‌వే కోసం అమెరికా ఇచ్చిన సిమెంట్‌తో కట్టారంటారు, అందుకే నిలువు రన్‌వే అని వెక్కిరింపు. నేను వెళ్ళినప్పుడు అక్కడ బోర్డు మీద, దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాగోదు, కాంక్రీట్ రాక్షసిలా ఉంటుంది అని వాళ్ళే రాసుకున్నారు! నీ కథలో నీ గురించి అలాంటి వాక్యం ఒక్కటైనా ఉందా?

సాయంత్రం నది గట్టు మీద కూర్చో. ఎదురుగా కనపడేది థాయ్‌లాండే, నీ రూమూ ఉతకని బట్టలూ అన్నీ అటే. నీళ్ళు తగ్గే రోజులైతే ఇసుక చాలా దూరం బయటపడి, నడిచి వెళ్ళిపోవచ్చేమో అనిపిస్తుంది. వెళ్ళకు. ఒక గంటలో కనపడింది రాయి, "నేను" అన్న మాట లేకుండా ఒక్క పేజీ, అంతే. పక్షి ఉంటే మాత్రం చదవను.

ఉంటా మరి.