ఎండోస్కోపీకి గంటలో దిగిన మత్తు ఐసీయూలో నాలుగు రోజులా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 67 ఏళ్ళు. నిమోనియా ముదిరి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. మిడజోలం అనే మత్తుమందు డ్రిప్ ఆపేశాక కూడా నాలుగు రోజులు కళ్ళు తెరవలేదు, మేమైతే ఆశలు వదిలేసుకున్నాం. ఇప్పుడు దేవుడి దయవల్ల ఇంట్లో తిరుగుతున్నారు. కానీ పోయినేడాది ఎండోస్కోపీకి ఇదే మందు ఇస్తే గంటకల్లా లేచి ఇడ్లీ తిన్నారు. ఐసీయూలో డోసు ఎక్కువ ఇచ్చేశారంటున్నాడు మా తమ్ముడు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు నాన్నగారు లేచి తిరుగుతున్నారన్న మాట చదివి చాలా సంతోషం వేసింది. ఆ నాలుగు రోజులు మీరు ఎలా గడిపుంటారో నాకు తెలుసు, ఐసీయూ బయట కుర్చీల్లో అలా కూర్చున్నవాళ్ళని రోజూ చూస్తుంటాను.

మందు అదేనమ్మా, ఒళ్ళే అది కాదు. ఎండోస్కోపీకి ఇచ్చేది ఒక్క చిన్న డోసు, అది ముందు మెదడుకి వెళ్ళి తర్వాత కండల్లోకి కొవ్వులోకి సర్దుకుంటుంది, అందుకే మనిషి లేచి కూర్చుంటాడు, మందు మాత్రం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అదే రోజుల తరబడి డ్రిప్ పెడితే ఆ కొవ్వు కండలు కూడా నిండిపోతాయి, ఇక లివర్ దాన్ని విరగ్గొడితేనే దిగాలి. అక్కడే వస్తుంది అసలు చిక్కు. ఈ మందుని విరగ్గొట్టే లివర్ ఎంజైమ్ పేరు సీవైపీ 3ఏ4, ఒళ్ళంతా ఇన్ఫెక్షన్‌తో వాచి ఉన్నప్పుడు అది బాగా నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతే లివర్‌కి రక్తం కూడా తగ్గుతుంది, పైగా ఫ్లూకొనజోల్ లాంటి ఫంగస్ మందు నడుస్తుంటే ఆ ఎంజైమ్ ఇంకా అణిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో రెండు మూడు గంటల్లో సగమయ్యే మందు ఇలాంటివాళ్ళలో అంతకి ఎన్నో రెట్లు టైం తీసుకోవచ్చు.

మీ నాన్నగారి విషయంలో కిడ్నీలు కూడా లెక్కలోకి వస్తాయి. లివర్ విరగ్గొట్టిన ముక్కల్లో కూడా కొంత మత్తు మిగిలుంటుంది, అవి మూత్రంలో పోవాలి, కిడ్నీ పని చేయకపోతే పేరుకుపోతాయి. 1995లోనే లాన్సెట్ జర్నల్‌లో కిడ్నీలు పాడైన పేషెంట్ల మీద ఇది రాశారు.

డోసు ఎక్కువైందా అంటే ఉత్తరం చూసి చెప్పలేనమ్మా, చార్టు చూడాలి. మామూలు డోసుకే ఇలా అవ్వొచ్చు. కానీ మీ తమ్ముడి అనుమానం కొట్టిపారేసేది కాదు, కిడ్నీ దెబ్బతిన్నాక డ్రిప్ తగ్గించారా, రోజూ మత్తు ఆపి లేస్తున్నారా లేదా చూశారా, ఇవి అడగడం మీ హక్కు. 2000లో చికాగో డాక్టర్లు 128 మంది మీద చేసిన స్టడీలో రోజూ ఆపి చూసినవాళ్ళు వెంటిలేటర్ మీద సుమారు 4.9 రోజులు, మిగతావాళ్ళు 7.3 రోజులు ఉన్నారు. ఇంకోటి, లేవకపోతే మత్తే అనుకుని ఊరుకోకూడదు, ఫిట్స్, స్ట్రోక్ లాంటివి లేవని కూడా చూసుకోవాలి.

డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్తగా దాచండి. రేపు నాన్నగారికి ఏ ఆపరేషన్ అన్నా ముందు మత్తు డాక్టరుకి అది చూపించి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో కొత్తగా టెస్ట్ చేయించి తీసుకెళ్ళండి.