పాట ముందుకు, కథ వెనక్కి

ప్రశ్న: మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. ఒక మ్యూజిక్ వీడియోలోని కథన నిర్మాణాన్ని విశ్లేషించమని మాకు అసైన్‌మెంట్ ఇచ్చారు. బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే పాట ‘ది సైంటిస్ట్’ వీడియోను ఎంచుకున్నాను. కథ చివరి నుంచి మొదటికి నడుస్తుందని రాశాక ఇంకేం రాయాలో తోచడం లేదు. అది ఒక చమత్కారమేనా, అంతకు మించి ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చాలా ఉంది. 2002లో జేమీ త్రేవ్స్ దర్శకత్వంలో వచ్చిన ఈ వీడియోలోని సంగతులను జరిగిన వరుసలో చెబితే నాలుగు వాక్యాలకు మించవు. ఒక జంట సంతోషంగా కారులో వెళుతుంటుంది. ఆమె కోటు విప్పుకోవడానికి సీటు బెల్టు తీస్తుంది. కారు రోడ్డు తప్పి వాలులోకి దూసుకుపోతుంది. ఆమె కారు ముందు అచేతనంగా పడి ఉండగా అతడు అడవి దాటి, ఊరి వీధులు దాటి నడిచి వెళ్లి ఒక పరుపు మీద వాలిపోతాడు. తెర మీద మాత్రం మొదట కనిపించేది ఆ పరుపే. కాబట్టి ‘తరువాత ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు, ‘ఇతడికి ఏం జరిగింది’ అన్న ప్రశ్నే మనల్ని చివరిదాకా కూర్చోబెడుతుంది. దానికి జవాబు దొరికాక కూడా వీడియో ఆగకుండా, ప్రమాదానికి ముందున్న నవ్వుల దాకా వెళ్లి ముగుస్తుంది. జరిగిన వరుసలో చూపిస్తే మామూలుగా తోచే ఆ నవ్వులను, ఏం జరగబోతోందో తెలిసి చూడటం వల్లనే మనం భరించలేకపోతాం.

మీరు ఎక్కువగా నిలవవలసిన చోటు గాయకుడు క్రిస్ మార్టిన్ పెదవులు. ఆయన చుట్టూ ఉన్న లోకమంతా వెనక్కి కదులుతున్నా, ఆయన పాట మాత్రం మామూలుగానే సాగుతుంది. ముందుకు నడుస్తూ పాడినదాన్ని చిత్రీకరించి వెనక్కి తిప్పితే పెదవుల కదలిక కూడా తిరగబడి పాటతో కలవదు. అందుకని ఆయన పాట మొత్తాన్ని చివరి నుంచి మొదటికి, తిరగేసి పలకడం నేర్చుకున్నారు. (1990లలో అమెరికన్ హిప్‌హాప్ బృందం ది ఫార్‌సైడ్ కోసం స్పైక్ జోన్జ్ తీసిన ‘డ్రాప్’ వీడియోలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. మీ వ్యాసంలో దాన్ని తప్పక ప్రస్తావించండి.) ఈ శ్రమకు తగిన ఫలితం కథనంలో ఉంది. ఆ మనిషి కాళ్లు జరిగిపోయిన కాలంలో ఉన్నాయి, నోరు మాత్రం ఇప్పటి కాలంలో ఉంది. కథ చెప్పేవాడూ, కథలో పాత్రా ఒకే శరీరంలో, రెండు కాలాల్లో మనకు కనిపిస్తున్నారు. మళ్లీ మొదటికి వెళ్లాలన్న కోరిక పాట పల్లవిలో ఉంది. పాట మాత్రమే వింటే అది ప్రేమికుల మధ్య మనస్పర్ధలా అనిపిస్తుంది. వీడియో ఆ కోరికను అక్షరాలా నెరవేర్చి, అది అసాధ్యమని కూడా మనకు తెలియజేస్తుంది.

చెప్పకుండా వదిలేసినదాన్ని కూడా పట్టించుకోండి. ఆమెను అక్కడ వదిలి అతడు ఎందుకు వెళ్లిపోయాడో వీడియో ఎక్కడా చెప్పదు. దిగ్భ్రాంతి అని కొందరు, అపరాధ భావన అని కొందరు అనవచ్చు. నా మట్టుకు ఈ ఖాళీయే వీడియోలోని అత్యంత సాహసమైన నిర్ణయం.

పోలికకు మైకేల్ జాక్సన్ పాట ‘థ్రిల్లర్’ వీడియో పనికొస్తుంది. 1983లో జాన్ లాండిస్ దాదాపు 14 నిమిషాల నిడివితో తీసిన ఆ వీడియోలో సంభాషణలున్నాయి, సినిమాలో సినిమా ఉంది. పైగా కథ కోసం పాటనే విడదీసి చరణాలన్నీ వరుసగా ముందు, పల్లవి చివర వచ్చేలా కూర్చారు. అక్కడ పాట కథకు లొంగింది. మీరు ఎంచుకున్న వీడియోలో పాట నిర్మాణం చెక్కుచెదరలేదు, కథే దానికి తగ్గట్టు తిరగబడింది. ఏ మ్యూజిక్ వీడియోను విశ్లేషించినా పాట, కథ ఈ రెండింటిలో ఏది దేనికి లొంగిందో ముందు తేల్చుకోవాలి.

రాయడానికి కూర్చునే ముందు ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ఒక్కొక్క షాట్‌నూ కాగితం మీద రాసుకుని, దాని పక్కనే అది కథలో ఎన్నో సంఘటనో, ఆ సమయంలో పాట పల్లవిలో ఉందో చరణంలో ఉందో గుర్తించండి. మీ వ్యాసానికి కావలసిన వాదన ఆ పట్టికలోనే దొరుకుతుంది.