ప్రశ్నల కాగితంలో ఒక పేజీ వదులు

చిరంజీవి అమ్మలుకి,

విపత్తు అనే మాటకి ఏ శాస్త్రం ఏ అర్థం చెబుతుందో పీహెచ్‌డీ చేస్తావని, అందుకోసం మన లంకలన్నీ తిరుగుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి సంతోషానికి నిద్ర పట్టలేదు, తర్వాత భయానికి పట్టలేదు.

చదువుకునే పని నీకు నేను చెప్పేదేముంది! మన 2005 విపత్తు నిర్వహణ చట్టం, బాధిత ప్రాంత జనం తట్టుకునే శక్తిని మించితేనే విపత్తంటుంది. బెల్జియంలో ఉంచే ఈఎం-డాట్ అనే ప్రపంచ విపత్తుల జాబితాకి ఎక్కాలంటే పదిమంది చనిపోవాలి, లేదా వందమంది దెబ్బతినాలి, ఇంకా ఒకటి రెండు దారులున్నాయి. డాక్టర్లు క్షతగాత్రులకి మంచాలు సరిపోతాయా అని చూస్తారు. 1961లో చార్లెస్ ఫ్రిట్జ్ చెప్పిన దగ్గర్నుంచీ సమాజశాస్త్రం చూసేది గాలిని కాదు, ఆ దెబ్బకి ఊరి పనులు ఆగిపోవడాన్ని.

1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమలో నష్టం రాయడానికి నన్నూ పంపారు. కాగితంలో గడులు: చావులు, ఇళ్లు, పశువులు, పడిన కొబ్బరిచెట్లు, యజమాని పేరు. చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికుడొకడు తోటంతా నా వెనకే నడిచాడు. ఎక్కడానికి చెట్టు లేదు, భుజాన తాడు మాత్రం దించలేదు.

"ఈ వరసంతా నేనే ఎక్కేవాణ్ణండి. నన్నెక్కడ రాశారండీ?" అన్నాడు.

"నీకు చెట్లెక్కడివిరా?" అన్నాను. అమ్మలూ, ఆ మాట అన్నది మీ మావయ్యే. రిమార్కుల గడి ఖాళీగా ఉంది. అందులో ఒక్క ముక్క రాస్తే డబ్బు వచ్చేదో లేదో, అలాంటి మనిషి ఒకడున్నాడని పైవాళ్లకి తెలిసేది. కొత్త మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. సంక్రాంతి రాకుండానే అతను పెళ్లాం పిల్లల్తో ఊరొదిలి పోయాడు. మొవ్వు, అంటే తల చిగురు, మెలితిరిగిన చెట్లనీ, నిలబడే ఉన్నాయి కదాని వదిలేశాను. ఎండాకాలానికి అవీ తల వాల్చేశాయి. విపత్తు ఒక్కరోజు సంఘటన కాదు, ఏళ్ల తరబడి నడిచేదని మానవశాస్త్రంలో ఆలివర్-స్మిత్ అన్నాడని చదివినప్పుడు నాకు ఆ తోటే కనిపించింది.

ఎవరింటికెళ్లినా ముందు ఎంతమంది పోయారని అడక్కు. నవంబరులో సముద్రం వారకి ఒక్కదానివీ వెళ్లకు, చెప్పినా వినవని తెలుసు. వెళ్లేరోజు నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. మోకాళ్లు నొప్పెడితే గట్టు మీద కూర్చుంటానులే. నీ ప్రశ్నల కాగితంలో చివరి పేజీ మాత్రం గడుల్లేకుండా తెల్లగా వదులు తల్లీ.

ఇట్లు,
మీ పెద్దమావయ్య