మొస్కాతో వైన్ పక్కన తాపేశ్వరం కాజా ఎందుకు కుదరలేదు

ఇటలీ తీపి వైన్లకు ఏ తిండి జోడీ అని, ఎర్ర వైన్‌తో మిఠాయి తినవచ్చా అని మీరు అడిగారు. టురిన్‌లో చదువుకున్న రెండేళ్లలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన సూత్రం ఒక్కటే: పళ్లెంలోని తీపి గ్లాసులోని తీపిని మించకూడదు.

ఒక ఆదివారం మా ఇంటి యజమానురాలు నన్ను పీడ్‌మాంట్ ప్రాంతంలోని కనెల్లి అనే ఊళ్లో ఉన్న తమ అక్కగారింటికి భోజనానికి తీసుకువెళ్లారు. ఖాళీ చేతులతో వెళ్లడం ఇష్టం లేక, ఇంటి నుంచి వచ్చిన తాపేశ్వరం కాజాలు పట్టుకెళ్లాను. మాంసం కూరిన అన్యొలొత్తి అనే పాస్తాతో బార్బెరా అనే ఎర్ర వైన్ తాగాక, మొస్కాతో దాస్తి అనే చల్లటి తియ్యని తెల్ల వైన్ పోశారు. మొదటి గుక్కలో పండిన పీచ్ పండు, నారింజ పూల వాసన, నాలుక మీద సన్నని నురుగు తెలిశాయి. కాజా కొరికి మళ్లీ తాగితే అదే వైన్ పలుచని నిమ్మసోడాలా పుల్లగా తోచింది. పాకం తీపికి అలవాటు పడిన నాలుకకు వైన్‌లోని తీపి అందక, పులుపు ఒక్కటే మిగిలిందన్నమాట. ఆ ఇంటి పెద్దావిడ నాకు మంచినీళ్లిచ్చి, కాసేపు ఆగమని, హేజెల్‌నట్ కేకు ముక్క పెట్టారు. చక్కెర తక్కువగా, గింజల కమ్మదనం ఎక్కువగా ఉన్న ఆ కేకుతో పీచ్ వాసన తిరిగి వచ్చింది.

ద్రాక్షరసంలోని చక్కెర అంతా ఆల్కహాలుగా మారకముందే మూసిన ట్యాంకులను బాగా చల్లబరచి పులియడాన్ని ఆపేస్తారు కనుక, మొస్కాతోలో ఆల్కహాలు 5 శాతం దగ్గరే ఉండి, తీపీ కొంత గ్యాసూ మిగులుతాయి. దీనిని 6 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో, సీసా కొన్న ఏడాదిలోపే తాగాలి. ఎంతో పరిమళం ఉన్న ఈ వైన్‌ను ఇరుకైన పొడుగాటి గ్లాసులో, అదీ గోరువెచ్చగా, చాక్లెట్ కేకు పక్కన పెట్టే రెస్టారెంట్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే కోకో చేదు ముందు ఆ సువాసన నిలవదు.

చాక్లెట్‌కు, స్ట్రాబెర్రీలకు అదే పీడ్‌మాంట్ ప్రాంతపు బ్రకెత్తో దాక్వి అనే వైన్ ఉంది. అది ఎరుపే అయినా తియ్యనిది, వగరు తక్కువ, గులాబీ వాసన వస్తుంది. ఎర్ర వైన్ ఏదైనా చాక్లెట్‌తో బాగుంటుందనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. నెబ్బియోలో అనే రకం ద్రాక్షతో చేసే, తీపి లేని వగరు ఎర్ర వైన్ బరోలోను మిఠాయి మీద తాగి చూడండి, పచ్చి వక్క నమిలినట్టు నోరు పట్టేస్తుంది. అదే బరోలో గంటల తరబడి ఉడికించిన గొడ్డు మాంసంతోనో, పాతబడిన జున్నుతోనో తాగితే, కొవ్వూ ప్రొటీనూ ఆ వగరును మెత్తబరుస్తాయి.

మరుసటి ఏడు కనెల్లికి వెళ్లినప్పుడు, బెల్లం తగ్గించి చేయమని అమ్మకు ముందే చెప్పి తెప్పించుకున్న సున్నుండలు తీసుకువెళ్లాను. వేయించిన మినుముల వాసన, నెయ్యి మొస్కాతోతో చక్కగా కలిసిపోయాయి. పెద్దావిడ రెండు తిని, డబ్బాను తమ అలమరలో పెట్టుకున్నారు.